ఒకరికొకరు పూచీ

ధ్యానభాగములు: ద్వితీయోపదేశకాండము 24:6, 10–13; 2 కొరింథీయులకు 8:12–21; ఫిలేమోను 17–19



ధనమును గూర్చి సంఘములో మాటలాడుట చాలమందికి ఇష్టముండదు. కానుకల సంచి తిరుగునప్పుడు తప్ప ఆ ప్రస్తావన రాకుండుటయే మర్యాదయని కొందరి తలంపు. అయితే సువార్తలు చదువువారికి తెలియును. మన ప్రభువు చెప్పిన ఉపమానములలో అప్పుపడిన దాసుడు, లెక్క అడిగిన యజమానుడు, పోయిన నాణెమును వెదకిన స్త్రీ, ప్రొద్దు వాలిన తరువాత కూలికి పిలువబడిన పనివారు మాటిమాటికి కనబడుచుందురు. ఆయన ధనమును గూర్చి మాటలాడుటకు సంకోచింపలేదు. కాబట్టి ఈ నెల మేమును ఒక ప్రశ్నను మీ ముందు పెట్టుచున్నాము. ఒకరి అప్పునకు మరియొకరు పూచీపడుట మంచిదా, చెడ్డదా?

ఇది పండితుల ప్రశ్న కాదు. పొదుపు సంఘములో సంతకము చేసిన ప్రతి తల్లికిని, స్నేహితుని అప్పుకు సాక్షిగా నిలిచిన ప్రతి యౌవనునికిని ఇది ఎదురైన ప్రశ్నయే. లేఖనములను అడిగితిమా, మొదట చూచునప్పుడు రెండు విధములైన జవాబులు దొరకును. సామెతల గ్రంథము ఆరవ అధ్యాయము పొరుగువానికి పూచీపడినవాడు వేటగాని చేతిలోనుండి జింక తప్పించుకొనునట్లు త్వరపడి తప్పించుకొనవలెనని హెచ్చరించుచున్నది. గలతీయుల పత్రిక ఆరవ అధ్యాయమో, ఒకరి బరువు ఒకరు మోయుట క్రీస్తు నియమమని బోధించుచున్నది. ఒకటి చేయవద్దనుచున్నది, ఒకటి చేయుమనుచున్నది. మరి మనమేది పట్టుకొనవలెను?

జవాబు వెదకుటకు ముందు ధనమనగా ఏమో ఆలోచింతము. మన చేతిలోని నూరు రూపాయల నోటు వట్టి కాగితమే. దానిమీద రిజర్వు బ్యాంకు గవర్నరు సంతకముతో ఒక వాగ్దానమున్నది. ఆ వాగ్దానమును అందరును నమ్ముచున్నారు గనుక అంగడిలో దానికి బియ్యమిచ్చుచున్నారు. 2016 నవంబరు 8వ తేదీ రాత్రి అయిదువందల నోట్లును వేయి రూపాయల నోట్లును ఇక చెల్లవని ప్రకటించినప్పుడు, సాయంకాలము వరకు ధనమైయున్నది తెల్లవారుసరికి బ్యాంకు ముందు వరుసలో నిలువబడవలసిన కాగితమాయెను. ఆ వారములలో పల్లెలు ఎట్లు బ్రదికినవి? కిరాణా కొట్టువాడు ఖాతా వ్రాసికొనెను. పాలవాడు నెలాఖరువరకు ఆగెను. పొరుగింటివారు ఉన్న వంద నోటును చేబదులు ఇచ్చిరి. నోటు ఆగిపోయినను నమ్మిక ఆగలేదు. ధనము నమ్మికకు గురుతేగాని నమ్మికను పుట్టించునది కాదని ఆ దినములు మనకు నేర్పినవి.

మన డెల్టా వారికి ఇది నీటి సంగతివలె చెప్పిన బాగుగా తెలియును. 1855లో బెజవాడవద్ద ఆనకట్ట పూర్తియైన తరువాత కృష్ణ నీరు కాలువలలోనికి వచ్చెను. 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చి ఆ పని కొనసాగించుచున్నది. అయితే ఎంత పెద్ద కాలువ త్రవ్వినను, చేనికి నీరు వచ్చుట పంటబోదెను బట్టియే యుండును. పైచేను రైతు బోదె కట్టివేసికొనినయెడల శివారు చేలు ఎండిపోవును. ధనమును అట్టిదే. బ్యాంకులు పెద్ద కాలువల వంటివి. వాటినుండి పేదవాని గుమ్మమువరకు తెచ్చు బోదెలు మనుష్యుల మధ్యనున్న పరిచయము, మాట, మొగమాటము. 1923లో మచిలీపట్టణములో భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు స్థాపించిన ఆంధ్రా బ్యాంకు మన జిల్లాలోనే పుట్టి దేశమంతట వ్యాపించి, 2020లో యూనియన్ బ్యాంకులో కలిసెను. అంత పెద్ద బ్యాంకు ఈ నేలమీదనే పుట్టినను, భూమి లేని కూలివాడు ప్రామిసరీ నోటు పట్టుకొని వడ్డీవ్యాపారి అరుగునొద్దకే పోవలసివచ్చెను. ఏలయనగా, తాకట్టు పెట్టుటకు అతనియొద్ద ఏమియు లేకపోయెను.

పూర్వము అంతయు మేలుగా ఉండెనని మేము చెప్పుటలేదు. కూలి ధాన్యముగా కొలిచిన దినములలో కడుపు నిండినది నిజమే, కొలత కుంచము రైతు చేతిలో నుండుటయు నిజమే. తండ్రి చేసిన అప్పుకు కుమారుడు పాలేరుగా పోయిన కుటుంబములు మన సంఘములలోనే యున్నవి. పరిచయము ఉన్నచోట ప్రేమయు నుండవచ్చును, పెత్తనమును ఉండవచ్చును. ఈ రెండును కలిసియున్నవని మరువరాదు.

తాకట్టు లేనివారికి ఒకరికొకరు తాకట్టుగా నిలువవచ్చునను తలంపు జర్మనీ దేశములో ఒక భక్తిపరుడైన గ్రామాధికారికి కలిగెను. ఆయన పేరు ఫ్రెడరిక్ విల్‌హెల్మ్ రైఫైజన్. 1846–47లో కరవు వచ్చినప్పుడు ఆయన రొట్టెల సంఘము పెట్టెను. 1864లో హెడ్డెస్‌డార్ఫ్ అను ఊరిలో ఋణసంఘమును స్థాపించెను. దాని నియమములు తేలికైనవి. ఒకరినొకరు ఎరిగినవారే సభ్యులు, చిన్న ప్రదేశము, జీతము తీసికొనని పెద్దలు, నష్టము వచ్చిన అందరు మోయవలెను. ఆ మాదిరిని మద్రాసు ప్రభుత్వమునకు 1895లోను 1897లోను ఫ్రెడరిక్ నికల్‌సన్ తన నివేదికలో సిఫారసు చేసెను. 1904లో సహకార పరపతి సంఘముల చట్టము వచ్చెను. మన ఊళ్ళలోని సొసైటీల మూలము అదియే.

మన కాలములో ఆ పని స్త్రీలు చేతపట్టిరి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాకు ఎదురు నిలిచిరి. 1993 అక్టోబరు 1న ఆంధ్రదేశములో సారా నిషేధింపబడెను. ఆ జిల్లాలోనే పొదుపు లక్ష్మి అను పేర స్త్రీలు దినమునకు ఒక రూపాయి దాచుకొనిరి. అదే 1992లో నాబార్డు 500 సంఘములను బ్యాంకులతో కలుపుటకు పూనుకొనెను. సారా కొట్టుకు పోయిన రూపాయి డబ్బాలోనికి వచ్చెను. సంతకము నేర్చుకొని బ్యాంకు మెట్లెక్కిన తల్లులను మనమందరము చూచితిమి. మన తెలుగు సంఘములకు ఇది క్రొత్త సంగతి కాదు. వంట చేయునప్పుడు పిడికెడు బియ్యము ప్రభువునకని ప్రక్కనపెట్టు స్త్రీల అలవాటు తరములనుండి మనకున్నది.

అయితే మంచి బోదెలోనికి చెడ్డ నీరు కూడ పారవచ్చును. స్త్రీల సంఘములు ఎంత నమ్మకముగా చెల్లించుచున్నవో చూచి లాభము కోరిన సూక్ష్మ ఋణసంస్థలు పల్లెలలోనికి వచ్చినవి. అయిదుగురో పదిమందియో గుంపుగా కూడినయెడల అప్పిత్తుమనినవి. వడ్డీ నూటికి పదునైదే యనినవి. లెక్క చూడుడి. పదివేలు అప్పు, వడ్డీ పదునైదు వందలు, ఏబది వారములు, వారమునకు 230 రూపాయలు. వారము వారము అసలు తీరుచునే యున్నను వడ్డీ మాత్రము మొదటి పదివేలమీదనే. సగటున ఆమెయొద్ద ఉండునది అయిదువేలకు కొంచెము మించి. కాబట్టి నిజమైన వడ్డీ నూటికి ముప్పదికి దగ్గర. పల్లెభాషలో చెప్పవలెనన్న రెండున్నర రూపాయల వడ్డీ.

వడ్డీకంటె ఘోరమైనది వసూలు చేయు విధము. ఒకామె వాయిదా తప్పినయెడల తక్కిన నలుగురును చెల్లించువరకు ఎవరును ఇల్లు కదలరాదు. ఏజెంటు అప్పుపడినదానిని తానేమియు అనడు. ఆమె వదినచేత, ప్రక్కింటి అక్కచేత అనిపించును. నిన్నటివరకు పిల్లను చూచుకొమ్మని అప్పగించిన పొరుగింటి ఆమెయే నేడు గుమ్మములో నిలిచి కేకలు వేయవలసివచ్చును. 2006 మార్చి నెలలో మన కృష్ణా జిల్లాలోనే అధిక వడ్డీలు, బలవంతపు వసూళ్లు జరుగుచున్నవని ఆరోపణలు వచ్చి, జిల్లా అధికారులు ఇట్టి సంస్థల శాఖలను సుమారు ఏబదింటిని మూయించిరి. మరల 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వము ఆర్డినెన్సు తెచ్చెను. వారము వారము కాక నెలకొకసారియే వసూలు చేయవలెననియు, పంచాయతీ కార్యాలయము వంటి బహిరంగ స్థలములోనే చేయవలెననియు, వడ్డీ అసలును మించరాదనియు అది ఆజ్ఞాపించెను.

ప్రియులారా, ఇప్పుడు ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయము తెరచి చూడుడి. అప్పిచ్చినవాడు కుదువసొమ్ము తెచ్చుకొనుటకు అప్పుపడినవాని యింటిలోనికి పోరాదు, బయట నిలువవలెను, అప్పుపడినవాడే దానిని వెలుపలికి తేవలెను. తిరగలి దిమ్మను తాకట్టు పట్టరాదు, ఏలయనగా అది అతని బ్రదుకు. బీదవాని వస్త్రము కుదువపెట్టబడినయెడల ప్రొద్దు గ్రుంకకమునుపు తిరిగి ఇయ్యవలెను. మూడువేల సంవత్సరములకు పూర్వము మోషే ధర్మశాస్త్రము గీసిన గీత గుమ్మము. అప్పు ఆ గుమ్మము దాటరాదు. అప్పుపడినవాడైనను తన యింటిలో తాను యజమానుడే. 2010లో మన శాసనకర్తలు ఆ గుమ్మమునే మరల నిలువబెట్టిరి.

అయితే న్యాయముగా రెండవ ప్రక్క కూడ చెప్పవలెను. ఆ ఆర్డినెన్సు తరువాత చెల్లింపగలవారును అనేకులు చెల్లించుట మానిరి. అప్పుల ద్వారము మూయబడగా కొందరు బీదలు మరల పాత వడ్డీవ్యాపారి అరుగెక్కిరి. అప్పు తీసికొని తీర్చకపోవుటను కీర్తన 37 భక్తిహీనుల లక్షణములలో చెప్పుచున్నది. అప్పిచ్చినవాడు చెడ్డవాడైనంతమాత్రమున అప్పుపడినవాడు నీతిమంతుడు కాడు.

ఇప్పుడు ధనము ఫోనులోనికి వచ్చియున్నది. 2016లో యూపీఐ ప్రారంభమాయెను. 2023 ఆగస్టులో దేశమంతట ఒక్క నెలలోనే వేయి కోట్లకు మించిన చెల్లింపులు జరిగినవి. కూరల బుట్టమీదను చదరపు గళ్ళ బొమ్మ అంటించియున్నది. పట్టణములో కూలి చేయు కుమారుడు సాయంకాలము నొక్కిన రూపాయలు తల్లికి రెప్పపాటులో చేరుచున్నవి. మనియార్డరుకై ఎదురుచూచిన పెద్దలకు ఇది ఆశ్చర్యకరమైన మేలు. దీనినిబట్టి దేవుని స్తుతింపవలసినదే.

కాని అదే ఫోనులోనికి లోన్ యాప్‌లును వచ్చినవి. 2020లో మన రెండు తెలుగు రాష్ట్రములలో వీటి వేధింపులు బయటపడినవి. అవి పొలము అడుగవు, బంగారము అడుగవు. ఫోనులోని పేర్లను, చిత్రములను చూచుటకు అనుమతి యడుగును. వాయిదా తప్పగానే మామగారికి, మేనత్తకు, పనియిచ్చిన యజమానికి, బడిలోని స్నేహితులకు అవమానకరమైన వర్తమానములు పోవును. దానిని భరింపలేక ప్రాణములు తీసికొనినవారు కలరు. 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు నియమములు చేసి, అప్పిచ్చు యాప్ ఫోనులోని పేర్ల పట్టికను చూడరాదనెను. అయినను దొంగ యాప్‌లు ఇంకను వచ్చుచునే యున్నవి.

2006లో ఏజెంటు చేసినదియు, ఇప్పుడు యాప్ చేయుచున్నదియు ఒక్కటేనని మాకు తోచుచున్నది. రెండును మన బంధుత్వమును తాకట్టు పట్టినవి. వదిన, మేనత్త, పొరుగువాడు అను మాటలు దేవుడు మన ఆదరణకొరకు ఇచ్చినవి. వాటిని అప్పిచ్చువాడు సంకెళ్ళుగా చేసెను. మోషే నిషేధించిన తిరగలి ఇంటి పిండిని విసరునది. బంధుత్వము అంతకంటె లోతైన బ్రదుకు. దానిని తాకట్టు పట్టుట ప్రాణమును తాకట్టు పట్టుటయే.

ఇక మొదటి ప్రశ్నకు వచ్చెదము. సామెతలు వద్దనిన పూచీ ఏది? పదకొండవ అధ్యాయము పదునైదవ వచనము చూడగా, ఎరుగని పరునికొరకు పడిన పూచీని గూర్చి అది ప్రత్యేకముగా హెచ్చరించుచున్నది. ఇరువదిరెండవ అధ్యాయము, చెల్లించుటకు ఏమియు లేనప్పుడు చేయి కలిపినవాని పరుపు తీసికొనిపోబడునని చెప్పుచున్నది. అనగా ఎరుగకయు, మోయలేకయు పడిన పూచీ ఉరి యగును. మరి పౌలు ఫిలేమోనుకు ఏమి వ్రాసెను? ఒనేసిము నీకు ఏమైన అచ్చియున్నయెడల అది నా లెక్కలో చేర్చుమని స్వహస్తముతో వ్రాసెను. అతడును పూచీపడెను. కాని ఒనేసిమును ఎరుగును, ప్రేమించెను, ఎవరును బలవంతపెట్టలేదు, చెల్లించుటకు సిద్ధపడెను. తిరిగి ఒనేసిము గుమ్మములో నిలిచి కేకలు వేయవలెనని అతడు తలంచలేదు.

కాబట్టి రెండు లేఖనములును ఒక్కటే చెప్పుచున్నవి. పూచీ చెడ్డది కాదు. ఇష్టపూర్వకముగా, ఎరిగి, మోయగలిగినంతవరకు, అవసరమైన క్షమింపగల మనస్సుతో పడిన పూచీ క్రీస్తు నియమము. పైవాడు తన లాభముకొరకు మన మెడకు కట్టిన పూచీ వేటగాని ఉరి. మీ సంఘమును పరీక్షించుటకు ఒక్క ప్రశ్న చాలును. వాయిదా తప్పిన అక్కకు నెల గడువిచ్చు అధికారము మీలోని పదిమందికి ఉన్నదా? ఉన్నయెడల అది మీ సంఘము. లేనియెడల మీరు జీతములేని వసూలుదారులు.

ధనమును మరియొక విధముగా నడుపవచ్చునని చూపినవారు లోకములో కలరు. 1932లో ఆస్ట్రియా దేశములో వర్గల్ అను చిన్న పట్టణములో పనులు లేక జనులు అలమటించుచుండగా, ఉంటర్‌గుగ్గెన్‌బెర్గర్ అను పురాధ్యక్షుడు ఊరికొరకే ప్రత్యేకమైన నోట్లు అచ్చువేయించెను. నెల నెలకు నూటికి ఒక వంతు విలువగల బిళ్ళ అంటించకున్న ఆ నోటు చెల్లదు. దాచుకొనినవానికి నష్టము గనుక ప్రతివాడును వెంటనే మరియొకనికి చెల్లించెను. వీధులు బాగుపడినవి, వంతెన కట్టబడెను, అనేకులకు పని దొరకెను. 1933లో ఆ దేశపు కేంద్ర బ్యాంకు దానిని ఆపించెను. ఇది చదువునప్పుడు మనకు మన్నా జ్ఞాపకము వచ్చును. మరునాటికి దాచిన మన్నా పురుగుపట్టెను. ఎక్కువ కూర్చుకొనినవానికి మిగులలేదు, తక్కువ కూర్చుకొనినవానికి తక్కువ కాలేదు.

ఆ మన్నా సంగతినే పౌలు 2 కొరింథీ ఎనిమిదవ అధ్యాయములో జ్ఞాపకము చేయుట గమనింపుడి. మాసిదోనియ, అకయ సంఘములవారు తాము ఎన్నడు చూడని యెరూషలేము బీదలకొరకు చందా కూర్చిరి. సముద్రమునకు ఇవతలనుండి అవతలికి ధనము పోయెను. దూరముననున్నవారును పొరుగువారు కాగలరని ఇది చూపుచున్నది. మన కూచిపూడిలోనే దీనికి సాదృశ్యమున్నది. గోల్కొండ పాదుషా తానీషా 1678లో ఈ ఊరిని భాగవతులకు దానమిచ్చెనని పెద్దలు చెప్పుకొందురు. 2018లో అదే ఊరిలో అమెరికాలోని తెలుగువారు సిలికానాంధ్ర సంస్థ ద్వారా విరాళములు కూర్చి సంజీవని ఆసుపత్రిని ప్రారంభించిరి. వేల మైళ్ల దూరమునుండి వచ్చిన ధనము ఈ ఊరి రోగి మంచమువరకు వచ్చెను. పౌలు ఒక జాగ్రత్త కూడ తీసికొనెను. ఆ ధనమును తానొక్కడే పట్టుకొనిపోక, సంఘములు ఏర్పరచిన సహోదరులను వెంట పంపెను. మనుష్యుల దృష్టికిని యోగ్యముగా నుండవలెనని అతని కోరిక. దూరము పెరిగినకొలది లెక్క మరింత తేటగా నుండవలెను.

కాబట్టి సంఘములకు మా మనవి యిది. ప్రతి సంఘములోను పిడికెడు బియ్యము అమ్మిన సొమ్ముతో ఒక చిన్న చేబదులు నిధి యుండవలెను. ఆసుపత్రికి, విత్తనములకు, పిల్లల జీతములకు వడ్డీ లేకుండ ఇయ్యవలెను. లెక్క ముగ్గురు వ్రాయవలెను, వారిలో ఒకరైనను స్త్రీ కావలెను. లెక్క అందరికి చూపుడి, అప్పుపడినవారి పేర్లు మాత్రము ఎవరికిని చదువకుడి. సంఘపు వాట్సాప్ గ్రూపులో ఎవరు ఎంత ఇచ్చిరో పేరుపేరున పెట్టకుడి. అయిదువేలు ఇచ్చినవాని ప్రక్కన ఏబది ఇచ్చిన విధవరాలు తలవంచుకొనునట్లు చేయకుడి. ఆ రెండు కాసులను చూచినవాడు ప్రభువు, చూచిన చూపు వేరు. చెల్లించగలవారు తమ అప్పు గడువుకు చెల్లించుడి. మీరు మోయలేని అప్పుకు సంతకము చేయకుడి.

మీ పిల్లలలో ఎవరైన లోన్ యాప్ ఉచ్చులో పడినయెడల వారిని తిట్టకుడి. ఒక యాప్ అప్పు తీర్చుటకు మరియొక యాప్‌నొద్ద తీసికొననియ్యకుడి. 1930 నంబరుకు ఫోను చేసి, పోలీసువారికి ఫిర్యాదు చేయుడి. అవమానకరమైన చిత్రము మీ ఫోనుకు వచ్చినయెడల దానిని ఇతరులకు పంపక తీసివేసి, ఆ బిడ్డ యింటికి వెళ్ళుడి. బంధువులను ఆయుధముగా చేసికొనవలెనని చూచినవాడు, ఆ బంధువులే వచ్చి బిడ్డ ప్రక్కన కూర్చుండుట చూచునప్పుడు, అతనియొద్ద ఇక ఏ ఆయుధము మిగులును?

కోతపండుగ వేలములో ఇరువది రూపాయల గుమ్మడికాయను అయిదువందలకు పాడుకొని, దానిని మరల బల్లమీదనే పెట్టి వెళ్ళువారిని మనమెరుగుదుము. అంగడి లెక్కకు అది నష్టము. ఆ సాయంకాలము ఎవరును నష్టపడినట్లు ఇంటికి పోరు. అట్టి మనస్సు ఏడాదికొక దినము మాత్రమేగాక, అప్పుల దినమునను, వాయిదా దినమునను మన మధ్య నుండునట్లు, ధనవంతుడై యుండియు మననిమిత్తము దరిద్రుడైన ప్రభువు మనకు సహాయము చేయునుగాక. ఆమేన్.